ఛాయాచిత్రం – వర్ణచిత్రం

పాఠ్యాంశ ఉద్దేశం: కంప్యూటర్ సాయంతో ఒక వ్యక్తి ఛాయాచిత్రాన్ని వర్ణచిత్రంగా మలచే విధానాన్ని పరిచయం చేయడం, యంత్రం చేయగల పనికీ, మనిషి చేయవలసిన పనికీ ఉన్న భేదాన్ని వివరించడం, భారతీయ చిత్రకళా సిద్ధాంతాలు నేటి సాంకేతిక యుగంలోనూ ఎలా ఉపకరిస్తాయో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మనిషి శరీరంలో ముఖానికి ఉన్న ప్రత్యేకత మరే అవయవానికీ లేదు. నడకను బట్టి, కంఠస్వరాన్ని బట్టి మనుషులను పోల్చుకోవచ్చు గాని, కాలం గడిచిన తరువాత మనసులో నిలిచేది ముఖమే. అందుకే రాజులు తమ రూపాలను శిలలలో చెక్కించుకొన్నారు. సంపన్నులు తైలవర్ణాలలో చిత్రింపజేసుకొన్నారు. సామాన్యునికి ఆ భాగ్యం ఛాయాగ్రహణ కళ వల్ల క్రమంగా లభించింది. డాగేర్ రూపొందించిన ఛాయాగ్రహణ పద్ధతిని 1839లో ఫ్రాన్సు దేశం లోకానికి వెల్లడించింది. తరువాత కొద్ది సంవత్సరాలకే కెమెరా భారతదేశానికి వచ్చింది. తెలుగునాట ఈ కళకు ప్రతిష్ఠ తెచ్చినవారిలో రాజా దీన్‌దయాళ్ (1844–1905) అగ్రగణ్యుడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ఉంటూ, సికింద్రాబాదులో స్టూడియో నిర్వహించిన ఆయన తీసిన చిత్రాలు ఆనాటి సమాజానికి అద్దం పడతాయి.

ఆనాటి ఛాయాచిత్రంలో వెలుగునీడలే గాని రంగులు లేవు. ఆ కొరతను తీర్చింది చిత్రకారుని కుంచె. పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధం నుండి మన దేశంలోని పలు స్టూడియోలలో ఛాయాచిత్రాలపై నీటిరంగులో, నూనెరంగులో పూసే కళాకారులు ఉండేవారు. చీర అంచున జరీ, చెవులకు బంగారం, నుదుట కుంకుమ వారి చేతిమీదుగానే వచ్చేవి. తెలుగువారి ఇళ్లలో గోడలకు పూలదండలతో వేలాడే పెద్దల పటాలలో అటువంటివి నేటికీ కొన్ని కనిపిస్తాయి. కనుక ఛాయాచిత్రాన్ని వర్ణచిత్రంగా మార్చడం కంప్యూటర్‌తో పుట్టిన వింత కాదు. పాత కళ కొత్త పనిముట్టును చేపట్టిందంతే.

ఆ కొత్త పనిముట్టు కథ కూడా ఒక ముఖంతోనే మొదలైంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రస్సెల్ కిర్ష్ 1957లో, మూడు నెలల ప్రాయంలో ఉన్న తన కుమారుని ఛాయాచిత్రాన్ని, తన బృందం నిర్మించిన స్కానర్ ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ చిత్రం వెడల్పు 176 బిందువులు, ఎత్తు 176 బిందువులు. అంటే మొత్తం 30,976 బిందువులు. ఈ బిందువునే పిక్సెల్ అంటారు. కంప్యూటర్‌కు ముఖం తెలియదు. దానికి తెలిసింది ప్రతి బిందువు వద్ద వెలుగు ఎంత, రంగు ఏది అని చెప్పే అంకెలు మాత్రమే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వర్ణాలకు ఒక్కొక్కదానికి 256 అంతస్తుల చొప్పున కేటాయిస్తే 1,67,77,216 వన్నెలు ఏర్పడతాయి. అంకె మారితే వన్నె మారుతుంది. డిజిటల్ చిత్రకళ అంతా ఈ చిన్న సూత్రం మీద ఆధారపడి ఉంది.

ఈ అంకెలను కుంచెతో మార్చినట్లుగా మార్చే సాఫ్ట్‌వేర్‌లు తరువాతి దశాబ్దాలలో వచ్చాయి. థామస్ నోల్, జాన్ నోల్ అనే సోదరులు రూపొందించిన ఫొటోషాప్ మొదటి రూపం 1990లో విడుదలైంది. 1994లో దానికి లేయర్లు తోడయ్యాయి. లేయర్ అంటే పొర. అద్దాల పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక్కొక్క పలకపై ఒక్కొక్క భాగం చిత్రించినట్లు ఇందులో పని చేయవచ్చు. ఒక పొరలో జరిగిన పొరపాటు మరొక పొరకు అంటదు. ఖర్చు లేకుండా వాడుకోదగిన గింప్, క్రిటా వంటి సాఫ్ట్‌వేర్‌లు కూడా ఉన్నాయి. అందువల్ల ఈ విద్య నేర్వదలచిన విద్యార్థికి ధనం ప్రధానమైన అడ్డంకి కాదు.

ఇక్కడ ఒక సందేహం సహజంగా కలుగుతుంది. మీట నొక్కగానే ఛాయాచిత్రాన్ని తైలవర్ణచిత్రంలా మార్చే ఫిల్టర్లు ఉన్నప్పుడు గంటల తరబడి శ్రమించడం దేనికి? ఫిల్టర్ పనితీరును గమనిస్తే సమాధానం దొరుకుతుంది. గింప్‌లోని తైలవర్ణ ఫిల్టర్ ప్రతి బిందువు చుట్టూ ఉన్న కొన్ని బిందువులను లెక్కించి, అక్కడ అధికంగా ఉన్న వన్నెను ఆ బిందువుకు పూస్తుంది. సన్నని భేదాలు చెరిగి, రంగు ముద్దలు ముద్దలుగా ఏర్పడుతుంది. చూపుకు అది కుంచె పనిలాగే ఉంటుంది. కాని ఆ ఫిల్టర్‌కు కంటిపాపా, చొక్కా గుండీ ఒకటే. రెండింటినీ ఒకే లెక్కతో చెరుపుతుంది. చిత్రకారుడు అలా చేయడు. కంటిపాప దగ్గర ఆగుతాడు, గుండీని ఒక్క గీతతో దాటిపోతాడు. దేనిని ఉంచాలో, దేనిని విడవాలో నిర్ణయించే ఈ వివేకమే ఛాయాచిత్రాన్ని వర్ణచిత్రం చేస్తుంది.

ఆ వివేకానికి మన పూర్వులు ఆరు అంగాలు చెప్పారు. వాత్స్యాయనుని గ్రంథానికి జయమంగళ అనే వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రకళకు రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనే షడంగాలను పేర్కొన్నాడు. గోడపై, వస్త్రంపై చిత్రించే రోజులలో చెప్పిన ఈ సూత్రాలు కంప్యూటర్ తెరపై పనికి కూడా చక్కగా అన్వయిస్తాయి. ఒక ఉదాహరణతో దీనిని పరిశీలించవచ్చు.

ఒక ఇంట్లో నాయనమ్మ పాత ఛాయాచిత్రం ఒక్కటే మిగిలిందనుకొందాం. అది రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు గల నలుపు తెలుపు చిత్రం. అంచులు చిరిగాయి. ఒక మూల తేమ మరక ఉంది. దానిని పెద్ద వర్ణచిత్రంగా చేయాలన్నది కుటుంబ సభ్యుల కోరిక. మొదటి పని స్కానింగ్. అంగుళానికి 1200 బిందువుల చొప్పున స్కాన్ చేస్తే వెడల్పున 2400, ఎత్తున 3600 బిందువులు వస్తాయి. ముద్రణకు అంగుళానికి 300 బిందువులు చాలు కాబట్టి, ఎనిమిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తు గల పటం స్పష్టంగా వస్తుంది. స్కాన్ చేసిన మూలచిత్రాన్ని అడుగు పొరగా ఉంచి, దానికి తాళం వేయాలి. చిరుగులు, మరకలు దాని నకలు మీదనే సరిచేయాలి. ఎంత దూరం వెళ్లినా మూలం చెక్కుచెదరకుండా ఉండడం ఈ పనిలో మొదటి నియమం.

రూపభేదం అంటే ఆకారాల తేడాలను గుర్తించడం. చిత్రకారుడు మొదట కళ్లు సగం మూసి చూస్తాడు. అప్పుడు చిన్న వివరాలు మాయమై పెద్ద వెలుగు ముక్కలు, పెద్ద నీడ ముక్కలు మాత్రమే కనిపిస్తాయి. తల వెంట్రుకలు ఒక ముద్ద, ముఖంలో వెలుగు పడిన భాగం ఒక ముద్ద, మెడ కింది నీడ ఒక ముద్ద, చీర ఒక ముద్ద. వీటిని వెడల్పాటి కుంచెతో, వేర్వేరు పొరలలో పూయాలి. కొత్తగా నేర్చుకొనేవారు తొందరపడి కనురెప్ప వెంట్రుకలతో ప్రారంభిస్తారు. పునాది లేకుండా కిటికీలు బిగించడం వంటిది అది.

ప్రమాణం అంటే కొలత. నడి తలకూ గడ్డానికీ సరిగా మధ్యలో కళ్లు ఉంటాయనీ, రెండు కళ్ల నడుమ మరొక కన్ను పట్టే చోటు ఉంటుందనీ చిత్రకళ నేర్చేవారికి మొదట చెబుతారు. ఇవి సగటు కొలతలు. ఏ ముఖమూ వీటికి పూర్తిగా లొంగదు. నాయనమ్మ ఎడమ కనురెప్ప కొద్దిగా వాలి ఉండవచ్చు. పెదవి ఒకవైపు సన్నగా ఉండవచ్చు. ఆమె పోలిక ఉన్నది ఆ తేడాలలోనే. వాటిని సరిదిద్ది సగటు కొలతకు తెస్తే అందమైన ముఖం వస్తుంది గాని నాయనమ్మ రాదు. కొలతలు తప్పాయో లేదో తెలుసుకోవడానికి చిత్రాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి చూసే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అలవాటుపడిన కన్ను దాటవేసిన తప్పు, తిరగబడిన చిత్రంలో వెంటనే బయటపడుతుంది.

వర్ణికాభంగం షడంగాలలో చివరగా చెప్పినది; పనిలో మాత్రం ముందే అవసరమవుతుంది. రంగుల కలయిక, కుంచె వాడుక ఇందులోకి వస్తాయి. నలుపు తెలుపు చిత్రంలో రంగు లేదు గనుక అది జ్ఞాపకం నుండి రావాలి. చీర రంగేమిటి, ముక్కుపుడక రాయి ఎరుపా తెలుపా, ఒంటి చాయ ఎటువంటిది అని ఆమెను చూసినవారిని అడగాలి. ఛాయాచిత్రంలోని నలుపును చూసి చాయను నిర్ణయించడం ప్రమాదం. పాతకాలపు ఫిల్ములలో కొన్ని ఎరుపు వెలుగును గ్రహించలేకపోయేవి. అటువంటి చిత్రాలలో ఎర్రని కుంకుమ నల్లగా, నీలి వస్త్రం తెల్లగా కనిపిస్తాయి. చర్మం కూడా ఉన్నదానికంటే నల్లగా పడుతుంది.

చర్మానికి ఒకే రంగు ఉండదు. సాధారణంగా నుదురు కొంత పసుపు చాయలోను, చెక్కిళ్లు, ముక్కు కొన కొంత ఎరుపు చాయలోను, గడ్డం పరిసరాలు కొంత బూడిద చాయలోను ఉంటాయి. నీడ అంటే నలుపు కాదు. అది కూడా రంగే. నల్లరంగు కలిపి నీడ దిద్దితే ముఖం మసిబారినట్లవుతుంది. మొదట ఒక పొరను కలర్ అనే మిశ్రమ పద్ధతిలో ఉంచి రంగు వేస్తే, అడుగునున్న ఛాయాచిత్రపు వెలుగునీడలు చెదరకుండా రంగు మాత్రం పట్టుకొంటుంది. ఆ ఆధారం మీద మరొక పొరలో అసలు కుంచె పని సాగుతుంది. నుదుటిపై కుంచె అడ్డంగా, చెక్కిలిపై వంపుగా, ముక్కుపై నిలువుగా నడవాలి. ముఖం ఎటు వంగితే కుంచె అటు వంగాలి. ఒత్తిడిని గ్రహించే ఎలక్ట్రానిక్ కలం ఉంటే గీత లావు, సన్నం చేతి అదుపులో ఉంటాయి. అది లేనివారు మౌస్‌తో ఓపికగా పని చేయవచ్చు. రంగులను తడిగా ఉన్నట్లు ఒకదానిలో ఒకటి కలిపే మిక్సర్ బ్రష్ ఫొటోషాప్‌లో 2010 నుండి ఉంది.

భావం ప్రధానంగా కళ్లలోను, పెదవుల మూలలలోను నిలుస్తుంది. కంటిపాపపై మెరిసే చిన్న తెల్లచుక్క ఒక్కటి చెరిగిపోతే చూపులో జీవం పోతుంది. అది వెలుగు వచ్చే దిక్కుననే ఉండాలి. కంటి తెలుపు నిజానికి శుద్ధమైన తెలుపు కాదు. రెప్ప నీడ దానిపై పడుతుంది. పెదవి మూలను రవ్వంత పైకి జరిపితే గంభీరమైన ముఖం నవ్వుముఖమవుతుంది. ఆ రవ్వంత జరపడానికి చిత్రకారునికి అధికారం ఉందా అని ఆలోచించవలసిన చోటు ఇదే. పూర్వం ఛాయాచిత్రం తీయించుకోవడం అరుదైన ఘట్టం. కెమెరా ముందు బిగుసుకొని కూర్చోవడం కూడా ఆ కాలపు సత్యమే.

లావణ్యయోజనం అంటే అందాన్ని కూర్చడం. అందం ఇక్కడ అలంకారాలు చేర్చడం వల్ల రాదు, అనవసరమైనవి తొలగించడం వల్ల వస్తుంది. వెనుక వేలాడే తెరపై మడతలు, కుర్చీ కోళ్లు, పక్కనున్న పూలకుండీ ఛాయాచిత్రంలో ముఖంతో సమానంగా స్పష్టంగా ఉంటాయి. వర్ణచిత్రంలో వాటిని మెత్తబరచి నేపథ్యంలో కలిపివేయాలి. ముఖానికి వెలుగు ఉన్న వైపు అంచు తేటగాను, నీడ ఉన్న వైపు అంచు నేపథ్యంలో కరిగిపోయినట్లుగాను ఉంటే రూపం గుండ్రంగా ముందుకు వస్తుంది. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) చిత్రించిన ముఖాలలో ఈ రహస్యం స్పష్టంగా కనిపిస్తుంది.

సాదృశ్యం అంటే పోలిక. షడంగాలలో దీనిని నిలబెట్టుకోవడమే నేడు కష్టమైంది. మీట నొక్కితే ముడతలు పోతాయి. మరొక మీటతో ఒంటి చాయ తెల్లబడుతుంది. నల్లని చాయను లోపంగా భావించే దురభ్యాసం సమాజంలో ఉన్నందున, అడగకపోయినా తెల్లబరచి ఇవ్వడం మర్యాదగా చెలామణి అవుతున్నది. ఎండలో నాట్లు వేసిన ముఖాన్ని ఎండ ఎరుగని ముఖంగా మార్చడం గౌరవం కాదు, ఆమె బతుకును చెరిపివేయడం. నుదుటి ముడతలో ఆమె పడిన కష్టం ఉంది. కంటి మూల గీతలలో ఆమె నవ్విన నవ్వులు ఉన్నాయి. తేమ మరక కాగితానిది, దానిని తొలగించాలి. ముడత మనిషిది, దానిని ఉంచాలి. ఈ రెండింటి భేదం తెలిసినవాడే రూపచిత్రకారుడు.

కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ భేదం మరింత ముఖ్యమైంది. ఒక చిత్రకారుని శైలిని మరొక ఛాయాచిత్రానికి అన్వయించే గణనపద్ధతిని జర్మనీలోని పరిశోధకులు 2015లో ప్రకటించారు. మాటలలో వర్ణిస్తే చిత్రాన్ని కల్పించే ఉపకరణాలు 2022 నుండి సామాన్యులకు విస్తృతంగా అందుబాటులోకి వచ్చాయి. మసకబారిన పాత ముఖాన్ని ఇవి క్షణాలలో స్పష్టం చేస్తాయి. అయితే ఛాయాచిత్రంలో లేని వివరాన్ని ఇవి ఎక్కడి నుండి తెస్తాయి? శిక్షణ సమయంలో చూసిన అసంఖ్యాకమైన ఇతర ముఖాల నుండి నేర్చుకొన్నదానితో పూరిస్తాయి. ఫలితంగా వచ్చిన కన్ను కన్నులాగే ఉంటుంది, కాని అది ఆమె కన్ను అన్న హామీ లేదు. యంత్రం ఇచ్చినదానిని మూలచిత్రం పక్కన పెట్టి, ఆమెను ఎరిగినవారికి చూపి, ఒప్పుకొన్నంతవరకే గ్రహించడం వివేకం.

ఈ కళలో నైపుణ్యంతో పాటు న్యాయం కూడా తెలిసి ఉండాలి. ఛాయాచిత్రానికి హక్కుదారు ఉంటాడు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రంపై, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారికే మొదటి హక్కు ఉంటుంది. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రాలకు కూడా ఛాయాగ్రాహకుని జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ రక్షణ లభిస్తున్నది. రంగులు పూసినంత మాత్రాన పరుల చిత్రం సొంతం కాదు. అమెరికాలో లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ప్రిన్స్ అనే సంగీతకారుని ఛాయాచిత్రాన్ని ఆధారం చేసుకొని, సుప్రసిద్ధ చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ వర్ణచిత్రాల వరుసను రూపొందించాడు. ప్రిన్స్ మరణించిన 2016లో వాటిలో ఒకటి పత్రికా ముఖచిత్రంగా వెలువడడంతో వివాదం మొదలైంది. 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో ఆ వినియోగం విషయంలో ఛాయాగ్రాహకురాలి పక్షాన తీర్పు చెప్పింది. అదే విధంగా, బతికి ఉన్న వ్యక్తి ముఖాన్ని ఆమె లేదా అతని అనుమతి లేకుండా మార్చి ప్రచారం చేయడం కళ అనిపించుకోదు.

పని పూర్తయిన తరువాత పొరలన్నీ నిలిచి ఉండే మూల ఫైలును భద్రపరచాలి. జేపెగ్ రూపం పరిమాణాన్ని తగ్గించడానికి కొన్ని వివరాలను వదిలివేస్తుంది. దానిని మార్చి మార్చి మళ్లీ దాచే కొద్దీ నాణ్యత తగ్గుతుంది. కాబట్టి దానిని ఇతరులకు పంపడానికి మాత్రమే వాడాలి. పాత ఛాయాచిత్రాన్ని పారవేయరాదు. వర్ణచిత్రం దానికి వ్యాఖ్యానమే గాని ప్రత్యామ్నాయం కాదు.

కుంచె వెదురుపుల్లకు కట్టిన వెంట్రుకలదైనా, తెరపై కదిలే గుర్తైనా, దానిని నడిపేది చూసే కన్ను, ఎంచే బుద్ధి, మనిషిపై గౌరవం. పనిముట్టు తేలికైనకొద్దీ చిత్రకారుని బాధ్యత బరువెక్కుతుంది. రూపచిత్రానికి చివరి పరీక్ష ప్రదర్శనశాలలో జరగదు. ఆ ముఖాన్ని రోజూ చూసినవారి ముందు జరుగుతుంది. వారు “ఎంత బాగుంది!” అంటే సాఫ్ట్‌వేర్ నెగ్గినట్లు, “అచ్చం ఆమే!” అంటే చిత్రకారుడు నెగ్గినట్లు.

అభ్యాసాలు

అ) కఠిన పదాలకు అర్థాలు

అగ్రగణ్యుడు = మొదట ఎన్నదగినవాడు
ద్వితీయార్ధం = రెండవ సగం
షడంగాలు = ఆరు అంగాలు
వర్ణికాభంగం = రంగులను, కుంచెను తగిన రీతిలో వాడడం
సాదృశ్యం = పోలిక
అసంఖ్యాకం = లెక్కలేనంత
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా మరొకటి

ఆ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. రస్సెల్ కిర్ష్ కంప్యూటర్‌లోకి ఎక్కించిన చిత్రం ఎవరిది?
2. లేయర్ అంటే ఏమిటి?
3. షడంగాలను పేర్కొన్న వ్యాఖ్యాత ఎవరు?
4. చిత్రాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి చూడడం దేనికి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి

1. “ఆ ఫిల్టర్‌కు కంటిపాపా, చొక్కా గుండీ ఒకటే.”
2. “ముడత మనిషిది, దానిని ఉంచాలి.”

ఈ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చిత్రకళా షడంగాలు డిజిటల్ రూపచిత్రణకు ఎలా అన్వయిస్తాయో వివరించండి.
2. ‘పనిముట్టు తేలికైనకొద్దీ చిత్రకారుని బాధ్యత బరువెక్కుతుంది’ అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.